తొందర లేదన్నవాళ్ళు

మండపేటలో మా ఇంటి ముందుగదే నా టైలరింగ్ కొట్టు. ఇరవై రెండేళ్ళుగా అక్కడే కూర్చుని ఆడవాళ్ళ జాకెట్లు కుడుతున్నాను. నేను కుట్టినవి ఎన్ని పెళ్ళిపీటల దాకా వెళ్ళాయో గుర్తులేదు. వెళ్ళనిది మాత్రం ఒకటుంది. అది బాగా గుర్తు.

మా వెనకవీధి అమ్మాయిది ఆ జాకెట్టు. పెద్దాపురం సంబంధం, పెళ్ళి కూడా అక్కడే. ముహూర్తం చీర మీదికి చిలకపచ్చ పట్టుగుడ్డ ఇచ్చారు. పెళ్ళిరోజు పొద్దున్న ఎనిమిదింటికి పెళ్ళివారి బస్సు బయలుదేరుతుందనగా, ఏడింటికి అమ్మాయి తల్లి నా గుమ్మంలోకి వచ్చింది. అంతకుముందు మూడుసార్లు వచ్చి వెళ్ళిందావిడ. మూడుసార్లూ నేను "రేపు ఇచ్చేస్తానండి" అనే చెప్పాను. ఆ పొద్దున్న బల్ల కింద సంచులన్నీ తిరగేస్తే జాకెట్టు దొరికింది, ముక్కలుగా. కత్తిరించి పెట్టి కుట్టడం మరిచిపోయాను.

తిడుతుందని తల వంచుకుని నిలబడ్డాను. తిట్టలేదు. వీపు ముక్క, ముందు ముక్కలు, చేతులు అన్నీ ఒక్కొక్కటే మడతపెట్టి కవర్లో పెట్టుకుని, "వస్తానమ్మా" అని వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి ఎవరిదో జాకెట్టు అరువు తెచ్చుకుని పీటల మీద కూర్చుందని తరవాత విన్నాను.

తిట్టి ఉంటే నేనూ నాలుగు అనేదాన్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, బజారంతటికీ తెలిసిన సంగతే. ఆవిడ తిట్టకపోవడంతో ఆ కోపం పోవడానికి చోటు లేక నా మీదికే తిరిగింది. తల కొట్టేసినట్టయింది. ఇకమీదట నా కొట్టులోంచి ఏ ఆడమనిషీ అలా ఖాళీ చేతులతో వెళ్ళకూడదని ఆ రోజే గట్టిగా అనుకున్నాను. ఇంకొక్కసారి అలా జరిగితే మిషను అమ్మేస్తానని మా ఆయనతో కూడా చెప్పాను. ఆయన నవ్వలేదు, అంటే నా మొహం ఎలా ఉందో మీరే ఊహించుకోవచ్చు.

మా పనిలో తారీకుల సంగతి బయటివాళ్ళకి కాస్త చెప్పాలి. పెళ్ళి ఇరవయ్యో తారీకున ఉంటే, గుడ్డ తెచ్చినావిడ పదో తారీకని చెబుతుంది. ఆవిడ పది రోజులు ముందుకి జరిపిందని నాకు తెలుసు. అయినా "ఎనిమిదికల్లా ఇచ్చేస్తానండి" అంటాను. నేను ఎనిమిదికి ఇవ్వనని ఆవిడకీ తెలుసు. ఎనిమిదిన వస్తే "రేపు" అంటాను. తొమ్మిదిన వస్తే "హుక్కులే మిగిలాయండి" అంటాను, అప్పటికి గుడ్డకి కత్తెర కూడా తగిలి ఉండదు. చివరికి పద్దెనిమిదిన చేతిలో పెడితే ఇద్దరం హాయిగా నవ్వుకుంటాం. ఇందులో ఒకరినొకరు మోసం చేసుకున్నట్టు ఎవరూ అనుకోరు. మొహం మీద కుదరదని చెప్పడం మా గోదావరివాళ్ళకి చేతకాదు, అంతే. కాకపోతే ఆ పెళ్ళికూతురి తల్లి నిజమైన తారీకు చెప్పింది. నేను దాన్ని కూడా అందరి తారీకుల్లాగే పది రోజులు వెనక్కి జరిపి చదువుకున్నాను.

మా మేడమీద అద్దెకుండే అమ్మాయి ఏదో కంపెనీ పని ఇంట్లోంచే చేసుకుంటుంది. నా గోల విని, తన ఆఫీసు పనులన్నీ రాసుకునే యాప్ ఒకటి నా ఫోన్లో కూడా వేసి చూపించింది. ఒక్కో జాకెట్టు ఒక్కో టాస్కు. దానికి ఇవ్వాల్సిన తారీకు పెట్టుకోవచ్చు. కత్తిరించాలా, కుట్టాలా, హుక్కులు వెయ్యాలా అన్నది లేబుల్‌గా తగిలించుకోవచ్చు. ఆపైన మనకి కావలసినట్టు ఫిల్టర్లు తయారుచేసుకోవచ్చు. "ఫిల్టరంటే జల్లెడేనండి, మీరు అడిగినవే పైన నిలబడతాయి" అంది. బియ్యం మిల్లుల ఊళ్ళో పుట్టి, మిల్లులో మిషన్ల దగ్గర పనిచేసే మనిషిని చేసుకున్నదాన్ని. జల్లెడ గురించి నాకు ఎవరూ చెప్పక్కర్లేదనిపించింది.

బల్ల కింద సంచులన్నీ బయటికి లాగి, ఒక్క వేలితో కొట్టుకుంటూ రెండు మధ్యాహ్నాల్లో మొత్తం ఎక్కించాను. మొదటి ఫిల్టరు పేరు 'ఈరోజు ఇవ్వాల్సినవి'. నొక్కగానే ఇరవై తొమ్మిది వచ్చాయి, అన్నీ ఎర్రటి అక్షరాలతో. ఈరోజు ఇవ్వాల్సినవి, వాటిలో ఇంకా కత్తిరించనివి మాత్రం చూపించమని ఇంకో ఫిల్టరు చేశాను. 'మరియు' పెట్టాల్సిన చోట 'లేదా' పెట్టినట్టున్నాను, ఈసారి కొట్టంతా లేచి వచ్చింది. ఫోను గుడ్డల కుప్ప మీదికి విసిరేసి కాఫీ పెట్టుకున్నాను. కాఫీ తాగి మళ్ళీ తీశాను. ఓడిపోయి లేచే రకాన్ని కాను.

'లేదా' తీసేసి 'మరియు' పెట్టాక కూడా పంతొమ్మిది వచ్చాయి. ఒక్కొక్కటే చూసుకుంటూ పోతే అసలు సంగతి తెలిసింది. యాప్‌లో తప్పేం లేదు. అందులో నేనెక్కించిన తారీకులే అబద్ధాలు. వాళ్ళ అబద్ధం కొంత, నా అబద్ధం కొంత. రెండూ కలిపి జల్లెడలో పోస్తే అది మాత్రం ఏం చేస్తుంది.

కాబట్టి రూలు మార్చాను. పెళ్ళి జాకెట్టయితే శుభలేఖ చూపించాలి. ఫోటో తీసి టాస్కులో పెట్టుకుంటాను. శుభలేఖ ఇంకా అచ్చవ్వకపోతే ఏ ఫంక్షను, ఏ రోజు అని కూర్చోబెట్టి అడుగుతాను. నేను చెప్పేది కూడా నిజం తారీకే. మొదట్లో అందరూ నవ్వారు. శుభలేఖ ఇస్తే భోజనానికి కూడా వస్తారా అని ఒకావిడ ఎకసెక్కం చేసింది. వస్తానండి, జాకెట్టు ఎలా కూర్చుందో చూడాలి కదా అన్నాను. ఇంకొకావిడ నన్నే అనుమానిస్తావా అని గుడ్డ లాక్కుని ఎదుటి కొట్టుకి వెళ్ళిపోయింది. అక్కడ "రేపు" అని తియ్యగా చెబుతారు మరి.

అన్నిటికంటే కష్టం నా నోటితోనే వచ్చింది. ఇరవై రెండేళ్ళు అలవాటైన "రేపు" అన్న మాట నాలుక చివరికి వచ్చేసేది. "రేపు కాదండి, పదిహేనో తారీకు" అని చెప్పేసరికి చెమటలు పట్టేవి. ఎదుటివాళ్ళ మొహం మాడిపోతుంటే చూస్తూ నిలబడటం నేర్చుకున్నాను.

నెల తిరిగేసరికి ఫిల్టర్లు చక్కగా కుదిరాయి. వారంలో ఫంక్షనుండి, ఇంకా కత్తిరించనివి ఒకటి. కుట్టడం అయి హుక్కులు మిగిలినవి ఇంకొకటి. అది మా కాజాలు కుట్టే అక్క కోసం. మా పక్కవీధిలో ఉంటుందావిడ, పదేళ్ళుగా నా దగ్గరే చేతిపని చేస్తోంది. పొద్దున్న కాఫీ తాగుతూ ఫోను తీస్తే ఏడో ఎనిమిదో కనిపించేవి. అవి పూర్తి చేసి లేచేదాన్ని. శ్రావణమాసం పెళ్ళిళ్ళన్నీ అలాగే దాటేశాను. ఒక్కటంటే ఒక్కటి ఆలస్యం కాలేదు. నాకు కాస్త తల తిరిగిందని ఒప్పుకోవాలి.

ఆ ఫిల్టర్లు కుదురుకుంటున్న రోజుల్లోనే, ఒక వాన మధ్యాహ్నం టీచరుగారొకరు వచ్చారు. మా బజారులో సగంమందికి ఆవిడ దగ్గరే అక్షరాలొచ్చాయి. వానపడినా తగ్గని ఉక్కలో భుజాల నిండా శాలువా కప్పుకుని ఉన్నారు. లోపలిగదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశాక శాలువా తీశారు. ఎడమ రొమ్ము తీసేశారు. రాజమండ్రిలో ఆపరేషనై నాలుగు నెలలైందిట. పాత జాకెట్టు ఆ పక్క ముడతలు పడి పైకి లేచిపోతోంది, ఈ పక్క లాగేస్తోంది. ఎడమ చెయ్యి కొంచెం వాచి ఉంది, భుజం ఎత్తుకి మించి లేవడం లేదు. నేను టేపు పెడుతున్నంతసేపూ ఆవిడ గోడ వైపు చూస్తూ నిలబడ్డారు. బడికి సెలవు పెట్టానమ్మా, ఇంట్లోనే ఉంటున్నాను అన్నారు.

నాలుగు గుడ్డలిచ్చారు. కొత్త రూలు ప్రకారం, ఎప్పటికి కావాలండి, ఏదైనా ఫంక్షనుందా అని అడిగాను.

"ఫంక్షనేం లేదమ్మా. నాకేం తొందర లేదు. మీకు తీరికైనప్పుడే కుట్టండి."

మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే మాట. ఎంత మంచి మనిషో అనుకుని, తారీకు గడి ఖాళీగా వదిలేశాను. ఎడమవైపు లోపల మెత్త పెట్టుకోవడానికి జేబు పెట్టాలి, చంక వదులుగా ఉండాలి అని మాత్రం వివరంగా రాసుకున్నాను.

భాద్రపదం వచ్చింది. పెళ్ళిళ్ళు లేవు, కాస్త ఊపిరాడుతోంది. ఒక పొద్దున్న మా ఆయనకి నా ఫోను చూపించి గొప్పలు పోయాను. చూశారా, మూడంటే మూడే ఉన్నాయి అన్నాను. ఆయన చూసి, బల్ల కిందకి వంగి సంచులు లెక్కపెట్టారు.

"ఇక్కడ పద్నాలుగున్నాయి. మిగతావి ఏమైనట్టు?"

వాటికింకా టైముంది అన్నాను విసుగ్గా. ఆయన ఏదీ గట్టిగా చెప్పే మనిషి కాదు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ అన్నారు: "మిల్లులో మేం గంటకోసారి ఊక గుప్పెడు తీసి ఊది చూస్తాం. బియ్యం ఎలా వస్తున్నాయో అందరూ చూస్తారు. ఊకలో కొట్టుకుపోతున్న గింజని చూడాల్సింది మేమే."

మిల్లుకీ కొట్టుకీ పోలికేంటని కసురుకున్నాను. ఆయన వెళ్ళిపోయారు. రెండు రోజులు ఆ మాట పట్టించుకోనట్టే తిరిగాను. మూడోరోజు, గురువారం, ఇక ఉండబట్టలేక ఫోను తీసి కొత్త ఫిల్టరొకటి చేశాను. తారీకు లేనివి. అంతే, ఇంకే షరతూ లేదు.

పదకొండు వచ్చాయి.

పైనుంచి కిందికి ఒక్కో పేరూ చదువుకుంటూ పోయాను. కొట్టుకొచ్చి ఎప్పుడూ గొంతెత్తని, పొలంలో మునుం పట్టి నాట్లు వేసే ఆడమనిషి ఒకావిడ. మొగల్తూరు నుంచి కోడలి దగ్గరికొచ్చిన ముసలావిడ, వెళ్ళిపోయి కూడా ఉంటుంది. చర్చిలో ఊడ్చే ఆవిడ. అందరూ "మీకు వీలైనప్పుడే" అన్నవాళ్ళే. నన్ను తొందరపెట్టనివాళ్ళు, నా మీద జాలిపడ్డవాళ్ళు. నా ఫిల్టర్లన్నీ తారీకు చూసి పనిచేసేవి కాబట్టి, వీళ్ళు ఒక్కదాంట్లోనూ నిలబడలేదు. గట్టిగా అరిచినవాళ్ళందరికీ కుట్టి ఇచ్చి, మర్యాదగా ఉన్నవాళ్ళందరినీ ఊకలో పోశాను. అందరికంటే పైన టీచరుగారున్నారు. గుడ్డలిచ్చి ముప్ఫై ఎనిమిది రోజులు.

కాజాలు కుట్టే అక్క అప్పుడే వచ్చి కూర్చుంది. ఆవిడా టీచరుగారూ ఒకే చర్చికి వెళ్తారు. టీచరుగారు ఎలా ఉన్నారని అడిగాను. ఆపరేషనయ్యాక ఒక్క ఆదివారం కూడా ఆరాధనకి రాలేదని చెప్పింది. పాటలంటే ప్రాణం ఆవిడకి, ముందువరసలో కూర్చునే మనిషి అంది. తరవాత సూది ఆపి, నా వైపు చూడకుండా మిగతాది చెప్పింది.

"సోమవారంతో సెలవైపోద్దంటమ్మా. మొన్న చూడ్డానికెళ్తే, ఉద్యోగం మానేస్తానని కాయితం రాసిపెట్టుకున్నారు. శాలువా కప్పుకుని పిల్లల ముందు ఎలా నిలబడనూ అంటున్నారు."

ఇంకా నాలుగేళ్ళ సర్వీసుందిట. చిలకపచ్చ ముక్కలు కవర్లోకి వెళ్ళిన పొద్దున్న గుర్తొచ్చింది. ఈసారి ముక్కలు కూడా చెయ్యలేదు, గుడ్డ మడత విప్పలేదు. వెంటనే ఫోన్ చేసి "రేపు ఇచ్చేస్తానండి" అనబోయి, నాలుక కరుచుకున్నాను. ముందు కత్తెర తీశాను.

అలాంటి జాకెట్టు నేనెప్పుడూ కుట్టలేదు. ఎడమవైపు లైనింగులో జేబు పెట్టి, దూది మెత్త చేసి దూర్చాను. నేనే తొడుక్కుని చూసుకుంటే చేయి కదిపినప్పుడల్లా ఆ పక్క పైకి లేస్తోంది. బరువు చాలడం లేదు. నూకలు పోద్దామా అన్నాను. నూకలకి పురుగు పడుతుంది, ఆవాలు పోయండి అంది అక్క. మెత్తటి మల్లుగుడ్డతో సంచి కుట్టి, వంటింట్లోంచి ఆవాల డబ్బా తెచ్చి, పోసి తీసి పోసి తీసి చూశాం. ఉతికేటప్పుడు బయటికి తీసుకునేట్టు జేబుకి మూత పెట్టాను. మచ్చకి ఒరుసుకోకుండా ఆ పక్క కుట్టు బయటివైపుకి తిప్పాను. చంక మొదటిసారి ఎత్తుగా వచ్చింది, విప్పి మళ్ళీ కుట్టాను.

శుక్రవారం అది మిషను మీద ఉండగానే, బాగా గట్టి గొంతున్న పాత కస్టమరొకావిడ వచ్చి, మర్నాడు గృహప్రవేశానికి వెళ్ళాలి, ఇప్పుడే కుట్టివ్వమని కూర్చుంది. ఆవిడదే నేను మొదట కుట్టేదాన్ని, పూర్వమైతే. కుదరదండి, మంగళవారం ఇస్తాను అన్నాను. ఇన్నేళ్ళ నుంచి వస్తున్న నాకే ఇలా చెబుతావా అంది. అవునండి, చేతిలో ఉన్నది అయ్యాకే ఇంకొకటి అన్నాను. ఈసారి చెమట పట్టలేదు. ఆవిడ గుడ్డ పట్టుకుని ఎదుటి కొట్టుకి వెళ్ళిపోయింది, వెళ్ళనిచ్చాను.

శనివారం పొద్దున్న పదింటికి ట్రయల్‌కి రమ్మని టీచరుగారికి ఫోన్ చేశాను. మీకు వీలుంటేనే అమ్మా అన్నారు. వీలుంటే కాదండి, తప్పకుండా రావాలి అన్నాను. వచ్చారు, శాలువాతోనే. లోపలిగదిలో తొడుక్కుని, ఆవాల సంచి జేబులో పెట్టుకుని, పైట వేసుకుని అద్దం ముందుకి వచ్చారు. ఎదురుగా చూసుకున్నారు. పక్కకి తిరిగి చూసుకున్నారు. బోర్డు మీద రాస్తున్నట్టు కుడిచెయ్యి పైకెత్తారు. జాకెట్టు కదల్లేదు. ఎడమ చెయ్యి లేచినంత ఎత్తి చూశారు. అప్పుడూ కదల్లేదు.

ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను, దాచుకోలేదు. సోమవారం సంగతి ముందే ఎందుకు చెప్పలేదండి అని అడిగాను.

"పెళ్ళిళ్ళ వాళ్ళంతా మీ మీద పడి ఉంటారు కదమ్మా. వాళ్ళకి అడ్డం రావడమెందుకనుకున్నాను. కుట్టి ఇచ్చినప్పుడు ఇస్తారులే, ఈలోగా దేవుడే ఏదో దారి చూపిస్తాడనుకున్నాను."

పనెక్కువై కుదరలేదండి అని చెప్పడం ఎంత తేలికో నాకు తెలుసు. "నేను మరిచిపోయానండి" అన్నాను. "మీరు తొందర లేదన్నారు. నేను నిజంగానే మరిచిపోయాను."

ఆవిడ నా చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. తరవాత శాలువా మడిచి సంచిలో పెట్టుకున్నారు. గుమ్మం దాకా వెళ్ళి, "మిగతా మూడిటికీ తొందరేం..." అని ఆగారు. నా చేతిలో ఫోను చూశారు. కాస్త సిగ్గుపడుతున్నట్టుగానే, అయినా గొంతు తగ్గించకుండా అడిగారు.

"ఆదివారం ఆరాధనకి వేసుకోవాలమ్మా, వచ్చే ఆదివారం. శనివారం సాయంత్రానికి ఇంకొకటి ఇవ్వగలరా?"

ఆవిడ ఎదురుగానే తారీకు కొట్టుకుని, "ఇస్తానండి" అన్నాను.

ఆ మధ్యాహ్నమే ఇంకో ఫిల్టరు చేశాను. తారీకు లేకుండా వారం దాటినవన్నీ అందులోకి వస్తాయి. పేరు 'తొందర లేదన్నవాళ్ళు'. దాన్ని అన్నిటికంటే పైకి జరిపాను. ఇప్పటికీ పొద్దున్న కాఫీతో మొదట తెరిచేది అదే. అందులో మిగిలిన పదిమందికీ నేనే ఫోన్లు చేశాను. మొగల్తూరు ముసలావిడది మాత్రం కుట్టి, వాళ్ళ కోడలి చేత బస్సులో పంపించాను.

ఆ తరవాతి శనివారం నాలుగింటికి రెండో జాకెట్టు పట్టుకుని నేనే టీచరుగారింటికి వెళ్ళాను. అయిదు నెలలుగా ఆ తలుపు లోపల గడియ వేసే ఉండేదని అక్క చెప్పింది. ఆ రోజు బయట తాళం వేసి ఉంది. పక్కింటావిడ తొంగిచూసి, టీచరుగారు ఇంకా బడి నుంచి రాలేదండి, కవరు నాకిచ్చి వెళ్ళండి, వచ్చాక ఇస్తాను అంది.

తొందరేం లేదండి అని చెప్పి, మెట్టు మీద కూర్చున్నాను.